గట్టు మీద పోసిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పగను కూడా మామిడికాయ తొక్కులాగే ఏడాదికి సరిపడా పెట్టుకునేవాళ్ళం. అప్పుడప్పుడు జాడీ మూత తీసి, కారం తగ్గిందనిపిస్తే ఇంకో పిడికెడు కలిపే పని మా బాపమ్మది. మా వైపు నాన్నను బాపు అంటాం, బాపు తల్లి బాపమ్మ. ఇప్పుడు నాందేడ్‌లో ఉద్యోగం విరమించి కూర్చున్న ఈ వయసులో అద్దం చూసుకుంటే ముక్కు ఆమెదే, మూతివిరుపు ఆమెదే. కోపం సంగతి మా ఆయనను అడగండి, చెబుతారు.

మా ఊరి నుంచి ధర్మాబాద్ ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, తిట్లు రెండింట్లోనూ. బాపమ్మకు ఒక తోడికోడలు ఉండేది. మేము ఆమెను చిన్న బాపమ్మ అనేవాళ్ళం. పంపకాలలో మా పొలం, వాళ్ళ పొలం పక్కపక్కనే వచ్చాయి. మధ్యలో ఒక గట్టు. ఆ ఇద్దరి మామగారు తవ్వించిన చేదబావి వాళ్ళ వైపు పడింది. గిరక, చేంతాడు, నడుం ఎత్తు వరకు కట్టిన ఒర ఉన్న మంచి బావి. పొలం విడిపోయినా నీళ్ళు విడిపోలేదు, రెండిళ్ళ వాళ్ళం అక్కడే తోడుకునేవాళ్ళం.

ఒక ఎండాకాలం చిన్న బాపమ్మ కొడుకు దుక్కి దున్నుతూ గట్టులోకి ఒక చాలు ఎక్కువ దున్నాడు. ఒక్కటే చాలు. నాగలి జారిందో, బుద్ధి జారిందో ఇప్పటికీ తెలియదు. బాపమ్మ ఆ చాలులో నిలబడి ఊరంతా వినేలా ఒట్టు పెట్టుకుంది. “ఇయ్యాల్టి సంది ఆ బాయి నీళ్ళు నా ఇంట్ల ఎవల గొంతు దిగినా నా పీనుగు మీద పోసినట్టే!” మా వైపు పాలివాళ్ళతో చెడితే మొదట బంద్ అయ్యేది నీళ్ళే. మాటలు తర్వాత, పెళ్ళిపిలుపులు ఆ తర్వాత. ఆ సాయంత్రమే మా అమ్మ బిందె ఎత్తుకుని ఊరి చివరి మెట్లబావికి నడిచింది. అందులో చేంతాడు పని లేదు. మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, బిందె ముంచుకుని రావడమే. మనుషులూ దిగేవారు, మనుషుల కాళ్ళ దుమ్మూ దిగేది. ఆ నీళ్ళే ఏడాదిపాటు తాగాం.

మరుసటి ఎండాకాలం, మిరుగం కార్తె, అంటే మృగశిర, దగ్గర పడుతుండగా బాపు మడమ పైన ఒక బొబ్బ లేచింది. నిప్పు పెట్టినట్టు మంట అని పెద్దమనిషి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. బొబ్బ పగిలాక లోపల నుంచి తెల్లటి దారం కొస లాంటిది బయటికి వచ్చింది. నారికురుపు. ఈ కాలం పిల్లలకు పేరు కూడా తెలియదు, తెలియకపోవడమే మంచిది. ఒంట్లో రెండు మూరల పొడవు పెరిగిన పురుగు కాలు చీల్చుకుని బయటికి వస్తుంది. దాన్ని పుల్లకు చుట్టుకుంటూ రోజుకు కొంచెం కొంచెం లాగాలి. తొందరపడి లాగితే లోపలే తెగుతుంది, కాలు చీము పట్టి కుళ్ళుతుంది. మిరుగం వానకు విత్తనం పడాలి. విత్తే మనిషేమో మంచం మీద ఉన్నాడు. ఆ అదునులో విత్తకపోతే ఏడాదంతా తిండి లేదు, పురుగు తెగిందంటే బాపుకు కాలే లేదు. తొమ్మిదేళ్ళ నాకు కూడా ఈ రెండు సంగతులూ స్పష్టంగా తెలుసు.

బాపమ్మకు మూడో సంగతి కూడా తెలుసు. ఇది చిన్న బాపమ్మ చేయించిన బాణామతి, చేతబడి. అంతకుముందు మా ఇంట్లో ఎన్నడూ ఎవరికీ నారికురుపు రాలేదు, గట్టు తగాదా అయిన ఏడాదికే వచ్చింది, ఇంకేం సాక్ష్యం కావాలి? పొద్దుగూకే వేళ వాకిట్లో నిలబడి, వాళ్ళ ఇంటి వైపు తిరిగి, దీపం పెట్టినంత శ్రద్ధగా తిట్టేది. “నీ ఇంట్ల మన్నువొయ్య, నీ కొడుకు కాలు ఇరుగ!” ఆ పగలో నా వంతు నేనూ చేశాను. చిన్న బాపమ్మ మనవరాలు నా ఈడుదే, బడిలో నా పక్కనే కూర్చునేది. ఆ పిల్ల కూర్చునే చోట పల్లేరుకాయలు పరిచాను. ఆ పిల్ల కెవ్వుమన్న సంగతి విని బాపమ్మ నాకు పెద్ద బెల్లంముక్క పెట్టింది.

కాలు వాచి నల్లబడుతుంటే చివరికి బండి కట్టి బాపును ధర్మాబాద్ సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. నేను బాపమ్మ ఒడిలో కూర్చుని వెళ్ళాను. అక్కడ ఒక మరాఠీ డాక్టరు, పక్కన తెల్లబట్టల నర్సమ్మ. నర్సమ్మ ఇస్త్రీ టోపీని కన్నార్పకుండా చూశాను. ఆ టోపీ కోసమే తర్వాత నేను చదువుకున్నానంటే అబద్ధం కాదు. డాక్టరు బాపు కాలు చూడడం అయ్యాక బాపమ్మను ఒక వింత ప్రశ్న అడిగాడు. “ఆజీ, గేల్యా వర్షీ పాణీ కుఠలం ప్యాలాత?” నిరుడు ఎక్కడి నీళ్ళు తాగారు అని. మాకంటే ముందున్న రోగులను కూడా ఆయన అదే అడిగాడు. నిరుడు తాగిన నీళ్ళు ఎవరికి గుర్తుంటాయి? అందరూ తలలు గోక్కున్నారు. మా బాపమ్మ మాత్రం గోక్కోలేదు. పగబట్టిన మనిషికి నిరుడు నిన్నటితో సమానం. గట్టు, చాలు, ఒట్టు, మెట్లబావి, మొత్తం మరాఠీలో పూసగుచ్చినట్టు చెప్పింది. సాక్షిబోనులో నిలబడి తోడికోడలికి శిక్ష వేయిస్తున్నట్టే చెప్పింది.

డాక్టరు కలం పక్కన పెట్టి విన్నాడు. తర్వాత నర్సమ్మ వైపు తిరిగి ఏదో చెబుతూ ‘ఇటియాలజీ’ అన్నాడు. నేను ఆ మాట వినడం అదే మొదటిసారి. ఆ మాటకు అర్థమేందని బాపమ్మ నిలదీసింది. తన గురించి తనకు తెలియని భాషలో ఎవరు మాట్లాడినా ఆమె ఊరుకునే రకం కాదు. రోగం దేని వల్ల వచ్చింది, ఏ దారిన వచ్చింది, ఆ లెక్కంతా కలిపి ఆ మాట అంటామని ఆయన ఓపికగా చెప్పాడు. ఈ కురుపు ఉన్నవాడు మంట చల్లారడానికి నీళ్ళలో కాలు పెడతాడు. పురుగు ఆ నీళ్ళలోకి పిల్లలను వదులుతుంది. నలుసంత నీటిపురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్ళు మనం తాగుతాం. అది ఒంట్లో ఏడాదిపాటు పెరిగి కాలులోంచి బయటికి వస్తుంది. చేదబావిలో ఎవరూ కాలు పెట్టరు కనుక అక్కడ ఈ బాధ రాదు. ఆ బావి నీళ్ళు మానడం వల్లే ఇది మీ ఇంటికి వచ్చింది, అన్నాడు.

బాపమ్మ కళ్ళు మెరిశాయి. “ఇన్నవా బిడ్డా? ఆళ్ళ మూలంగనే అని డాక్టరే అన్నడు.” ఆయన అన్నది ఒకటి, ఆమె మూటగట్టుకున్నది ఇంకొకటి. బాపు తల పట్టుకున్నాడు.

చేయవలసిన వైద్యం కూడా డాక్టరు చెప్పాడు. బకెట్‌లో నీళ్ళు పోసి కాలు పెట్టించాలి, పురుగు మెత్తబడి వచ్చినంత మేరకే పుల్లకు చుట్టాలి. ఆ బకెట్ నీళ్ళు మాత్రం జాగ్రత్త. ఎండలో పొడినేల మీద పారబోయాలి. పొరపాటున బావిలో పడితే ఆ నీళ్ళు తాగిన ఇంటిల్లిపాదికీ వచ్చే ఏడాది ఇదే గతి. ఈ ఒక్క ముక్కను బాపమ్మ మళ్ళీ అడిగి చెప్పించుకుంది. బావిలో పడితే చాలునా, తాగితే ఖాయంగా వస్తుందా అని. ముసలమ్మ ఎంత జాగ్రత్త మనిషో అని డాక్టరు మెచ్చుకున్నాడు కూడా.

ఇంటికి వచ్చాక పురుగు చుట్టే పని బాపమ్మే తీసుకుంది. అన్నం ఉడికేదాకా ఆగలేక మూత తీసి చూసే మనిషి ఆమె. అలాంటిది బాపు కాలు దగ్గర కూర్చుంటే మాత్రం ఆమె వేళ్ళకు ఎక్కడలేని ఓపిక వచ్చేది. చీపురుపుల్లకు చుట్టి, వెంట్రుకవాసి లాగి, అడ్డం తగిలితే ఆపి, గుడ్డతో కట్టేసేది. కాలు పెట్టిన కాసేపటికి బకెట్ నీళ్ళలో పాలచుక్క పడినట్టు తెల్లగా విచ్చుకునేది. ఆ తెలుపంతా పురుగు పిల్లలే. మా అమ్మ రోజూ దాన్ని తీసుకెళ్ళి దొడ్డి వెనుక ఎండలో పారబోసేది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం అమ్మ విత్తనాలు చెరుగుతోంది, బాపు కునుకు తీస్తున్నాడు. బాపమ్మ లేచి, కొంగు బిగించి, ఆ బకెట్ ఎత్తి చంకన పెట్టుకుంది. నన్ను కళ్ళతోనే రమ్మంది. దొడ్డి వెనక్కి కాదు, పొలం దారి పట్టింది. మా పొలం దాటి, గట్టు ఎక్కితే అవతల చేదబావి. ఎండకు వాళ్ళ పొలంలో పిట్ట కూడా కనపడలేదు. గట్టు దగ్గరికి వచ్చేసరికి నాకు అంతా అర్థమైంది, అయినా అడిగాను.

“ఇవి ఆళ్ళ బాయిల పోస్తే ఏమైతది బాపమ్మా?”

“అచ్చే మిరుగానికి ఆ ఇంట్ల ఒక్కడు లేస్తే ఒట్టు. నా కొడుకు ఏడ్చినట్టు దాని కొడుకు ఏడ్వాలె. దుక్కి లేక, ఇత్తనం లేక మన్ను బుక్కాలె.”

నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. దాచుకోవడం దేనికి, మా బాపు ఏడుపు విన్న చెవులు నావి. వాళ్ళంతా మంచాలు ఎక్కి అరుస్తుంటే మేము విత్తనాలు చల్లుతున్నట్టు ఊహించుకున్నాను. ఆ మంచాలలో ఒకదాని మీద, పల్లేరుకాయలు గుచ్చుకున్న ఆ పిల్ల కూడా ఉంది. అప్పుడు నాకు ఒక సందేహం వచ్చింది. జాలితో కాదు, లెక్క కుదరక వచ్చింది.

“మరి నిరుడు మన నీళ్ళల్ల ఎవలు పోసిండ్రు?”

“ఏందే?”

“ఇప్పుడు మనం పోస్తే ఆళ్ళకు అచ్చే ఏడు అస్తది గద. బాపుకు ఈ ఏడు అచ్చింది. మరి నిరుడు మెట్లబాయిల ఎవలో పొయ్యాలె గద?”

బాపమ్మ నోరు తెరిచింది. తోడికోడలి పేరు నాలుక చివర దాకా వచ్చిందని ముఖం చూస్తేనే తెలిసింది. వచ్చిన పేరు అక్కడే ఆగిపోయింది. ఆ ఏడాది పొడుగునా చిన్న బాపమ్మ ఇంటి మనుషులు ఎక్కడ అడుగు పెట్టారో, ఎవరితో మాట్లాడారో, ఏం కొన్నారో, ఏం వండారో డేగలా కనిపెట్టి ఉన్నది బాపమ్మే. సొంత బావి ఉన్నవాళ్ళు మెట్లబావి వైపు ఒక్కసారి కూడా పోలేదని ఆ ఊళ్ళో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. పగ కోసం పోగుచేసుకున్న సాక్ష్యమంతా ఆమెకే అడ్డం తిరిగింది.

బకెట్ కింద పెట్టి గట్టు మీద కూలబడింది. ఎండకు అరికాళ్ళు కాలుతుంటే నేను ఒక కాలి మీద ఇంకో కాలు పెట్టుకుంటూ నిలబడ్డాను.

“ఎవ్వలు పొయ్యలె బిడ్డా,” అంది చివరికి. “నేనే తోలిన మిమ్ముల ఆ బాయికి. గొడ్లను తోలినట్టు తోలిన.”

ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. పళ్ళు కొరికింది. ఎవరి మీద కసి తీర్చుకోవాలో తెలిసి, ఆ మనిషి చేతికి దొరకనప్పుడు వచ్చే కోపం అది. లేచి, బకెట్ ఎత్తి, ఆ నీళ్ళు మొత్తం గట్టు మీద కుమ్మరించింది. సరిగ్గా నిరుడు నాగలి గీసిన చాలు మీదనే. బీటలు వారిన నల్లరేగడి చూస్తుండగానే చుక్క మిగల్చకుండా తాగేసింది. తర్వాత ఆమె ఇంటివైపు తిరగలేదు. ఖాళీ బకెట్ గట్టు మీదే వదిలేసి బావి దగ్గరికి నడిచింది.

గిరక చప్పుడుకు చిన్న బాపమ్మ కందికట్టె పందిరి కింద నుంచి లేచి వచ్చింది. చేతిలో ఇత్తడి బిందె. ఏడాది తర్వాత ఎదురుపడిన తోడికోడలిని చూసి మూతి తిప్పింది.

“ఏందక్కా, తొవ్వ తప్పినవా? ఆఖరికి మా నీళ్ళకే అచ్చినవా?”

“మా మామ తవ్విన బాయి. సగం నాది. ఏడాది నా సగం కూడ నువ్వే తాగినవు, ఇగ తాగనియ్య.” బాపమ్మ చేంతాడు లాగుతూనే అంది. బొక్కెన పైకి వచ్చింది. దోసిలి పట్టి తాగి, నాకు తాగించింది. అవి ఎంత చల్లగా ఉన్నాయో ఇప్పటికీ గొంతులో తెలుస్తుంది.

“తాగితే తాగినవు. మోసుకపోను బకెట్ తెచ్చినట్టున్నవు, గట్టు మీద పెట్టొచ్చినవేంది?” అంది చిన్న బాపమ్మ.

“అండ్ల నా కొడుకు పుండు కడిగిన నీళ్ళు తెచ్చిన. నీ బాయిల పోద్దామని తెచ్చిన. పోస్తే అచ్చే ఏడు మీ అందరికి నారికురుపు ఎల్లేది.”

చిన్న బాపమ్మ బావిలోకి చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ బాపమ్మ వైపు చూసింది.

“పొయ్యలె,” అంది బాపమ్మ. “గట్టు మీద పోసిన. ఆ బకెట్ల తాగే నీళ్ళు పట్టద్దు. నీ బిందె ఇయ్యి.”

చిన్న బాపమ్మ ఆ బిందె చాచింది. బాపమ్మ దాన్ని నింపి, నెత్తిన పెట్టుకుని, వచ్చిన దారినే ఇంటికి నడిచింది.

దీనితో రెండిళ్ళు కలిసిపోయాయని మీరు అనుకుంటే మా బాపమ్మ మీకు ఇంకా అర్థం కాలేదన్నమాట. మర్నాటి నుంచి రోజూ, సరిగ్గా చిన్న బాపమ్మ వేపపుల్ల నములుతూ బావి దగ్గర నిలబడే వేళకే వెళ్ళి, కావాలని గిరక మోగించి మరీ తోడుకునేది. నీళ్ళు మానుకోవడం తెలివితక్కువ పగ, తోడుకోవడమే అసలు పగ అని ఆమెకు అర్థమైంది. బాపు కాలులోని పురుగు తెగకుండా బయటికి వచ్చింది. కాలు నిలిచింది, మచ్చ మిగిలింది. విత్తనం మాత్రం ఆలస్యమైంది. అమ్మా, బాపమ్మా గొర్రు పట్టి విత్తారు, పంట సగమే పండింది. ఆ సగం లోటును కూడా బాపమ్మ తోడికోడలి పాపాల్లోనే కలిపింది. గట్టు తగాదా కోర్టు దాకా వెళ్ళింది. అయితే ఆ తర్వాత బాణామతి అన్న మాట ఆమె నోట నేను వినలేదు. ఊళ్ళో ఎవరైనా అంటే, “నిరుడేం తాగినవో ముందుగాల చెప్పు,” అని గద్దించేది.

నర్సింగు చదువులో మా టీచరమ్మ ఒకరోజు బోర్డు మీద ‘ఇటియాలజీ’ అని రాసి, ఉదాహరణ చెప్పమంది. నేను లేచి నారికురుపు అన్నాను. కారణం ఏమిటి అంది. పురుగు, మెట్లబావి, మా బాపమ్మ ఒట్టు అన్నాను. క్లాసంతా నవ్వింది. పురుగు పేరు రాస్తే చాలు, ఒట్లు రోగకారణాలు కావు అని ఆమె నాకు మార్కు తగ్గించింది. ఆ పురుగు మెట్లబావిలో తరాలుగా ఉంది, మరి మా ఇంటికి ఆ ఏడాదే ఎందుకు వచ్చింది అని నేను వాదించాను. ఆమె డస్టర్ తీసుకుని బోర్డు తుడిచేసింది, నాకు మార్కు రాలేదు. ఆ మార్కు మీద నా కోపం ఇంకా చల్లారలేదు. తర్వాత వార్డుల్లో ఎన్నో ఏళ్ళు ఆ మాట వింటూ బతికాను. డాక్టర్లు దాన్ని ఉత్త ‘కారణం’ అన్నంత తేలిగ్గా వాడేస్తారు. ‘ఇటియాలజీ తెలియదు’ అని రాసి ముందుకు పోతారు. తెలియదంటే లేదని కాదు, ఇంకా ఎవరూ సరిగ్గా అడగలేదని నమ్మి నేను రోగి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. మా కోడలు చేతబడి చేసింది, మా మరిది మందు పెట్టాడు అని ఏడ్చేవాళ్ళను ఎంతమందిని చూశానో. ఎవరు అన్న ప్రశ్న వాళ్ళు తెచ్చేవాళ్ళు. ఏది, ఏ తొవ్వన, ఎప్పటి నుంచి అని నేను అడిగేదాన్ని. ఆ అడగడం నాకు నేర్పింది పుస్తకం కాదు.

చిన్న బాపమ్మ బిందె మేము తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడు నాందేడ్‌లో మా వంటింట్లో ఉంది, చింతపండు పెట్టి నేనే తోముతాను. ఆమె మనవరాలు, నేను పల్లేరుకాయలు పరిచిన ఆ పిల్ల, కొడుకు ఉద్యోగం వల్ల ఈ ఊళ్ళోనే ఉంటోంది. ఆమెకూ తల నెరిసింది. వచ్చినప్పుడల్లా బిందె చూపించి, “మాది మాకియ్యవా?” అంటుంది. “మా చాలు మాకిస్తే ఇస్త,” అంటాను. ఇద్దరం నవ్వుతాం గానీ ఇద్దరిలో ఎవరూ ఉత్తినే అనడం లేదు. ఆ మధ్యాహ్నం సంగతి చిన్న బాపమ్మ ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అందుకే గుమ్మంలో ఆమె చెప్పులు విడిచేటప్పుడు నేను ముఖం కంటే ముందు ఆమె మడమల వైపు ఎందుకు చూస్తానో ఆమెకు తెలియదు. రెండు మడమలూ చూస్తాను. ఎక్కడా మచ్చ లేదు. అప్పుడు లోపలికి రమ్మని, ఆ బిందెలోంచే ముంచి నీళ్ళిస్తాను.